బెరిల్ ఫాసెట్ కాపలా కాసిన రాయి

బెరిల్ ఫాసెట్‌కి భయం పుట్టుకతోనే వచ్చింది. "అందరు పిల్లలూ పుట్టగానే కేరుమంటారు. ఇది మాత్రం నోరు మూసుకుని నాలుగు దిక్కులూ చూసింది" అని వాళ్లమ్మ చెప్పేది. కుక్కలంటే భయం, నిచ్చెనలంటే భయం, ఫోను మోగితే భయం. గొంతు పెంచి మాట్లాడే మగవాళ్లంటే మరీ భయం. అలాంటి మనిషి హార్‌బెక్ పట్టణ కౌన్సిల్‌కి క్లర్కు కావడం ఊళ్లో చాలామందికి నవ్వులాటగా ఉండేది.

క్లర్కు అంటే అక్కడ ఫైళ్లు మోసే గుమాస్తా కాదు. ఊరు పన్నెండుమంది సభ్యులను ఎన్నుకుంటుంది. వాళ్లు తమలో ఒకరిని ఏడాదికోసారి మేయరుగా పెట్టుకుంటారు. నెలకోసారి లైబ్రరీ మేడమీద గదిలో కూర్చుని చేతులెత్తి తీర్మానాలు చేస్తారు. చట్టం ఏమంటుందో వాళ్లకు చెప్పేది, వాళ్లు అన్నది పుస్తకంలో రాసేది, మర్నాటి నుంచి దాన్ని జరిపించేది క్లర్కు. ఆమెకు ఓటు లేదు. అలాగని ఏ ఒక్క సభ్యుడికీ, ఆఖరికి మేయరుకు కూడా, ఆమెను విడిగా పిలిచి ఇది చెయ్యి, అది మానెయ్యి అనే హక్కు లేదు. ఆజ్ఞ అంటే అందరూ కలిసి కూర్చుని చేసిందే. బెరిల్ పందొమ్మిదో ఏట టైపు కొట్టడానికి ఆ ఆఫీసులో చేరింది. పాత క్లర్కు రిటైరైనప్పుడు ఆ పదవికి ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు. నలభై ఒకటో ఏట, కాదనడానికి కూడా భయపడి, ఆ కుర్చీలో కూర్చుంది.

సమాధుల తోట, పిల్లల ఊయలలు, జనం కూరగాయలు పండించుకునే మళ్లు, గురువారం సంత, గడియార స్తంభం కౌన్సిల్ చేతికింద ఉండేవి. రోడ్లు జిల్లావాళ్లవి, చెత్తబండి ఇంకొకరిది. ఊరికి ఆ తేడాలతో పనిలేదు. రోడ్డు మీద గుంట పడ్డా, చెత్త తియ్యకపోయినా, పక్కింటివాడి కోడి కూసినా బెరిల్‌కే ఫోను చేసేవాళ్లు. అది మా పని కాదనడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. అంతా రాసుకునేది. ఏం మాట్లాడాలో కాగితం మీద ముందు రాసుకుని, రెండుసార్లు చదువుకుని, ఆ పని చూసే ఆఫీసుకు తనే ఫోను చేసేది. అలా ఆరేళ్లలో ఊరికి చాలా పనులు జరిగాయి. అవి ఆమె భయం వల్ల జరిగాయని ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది జనవరిలో బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. దక్షిణాన ఎక్కడో ఒక ఊళ్లో సమాధి రాయి ఒరిగి ఆరేళ్ల పాప మీద పడిందనీ, పాప బతకలేదనీ, ప్రతి కౌన్సిలూ తన తోటలోని రాళ్లన్నిటినీ పరీక్ష చేయించి తీరాలనీ అందులో ఉంది. బెరిల్ నిలబడి ఒకసారి చదివింది, కూర్చుని మరోసారి చదివింది. హార్‌బెక్ తోటలో పదకొండు వందల రాళ్లున్నాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా వాటి మధ్య నుంచే ఆఫీసుకు నడిచి వస్తోంది. ప్రపంచంలో అన్నిటికీ భయపడిన తను వాటికి ఒక్కనాడూ భయపడలేదు. ఆ సంగతి తట్టగానే ఉత్తరాన్ని మూడోసారి చదివింది.

ఫిబ్రవరి సభలో పన్నెండు చేతులూ ఒక్కసారే లేచాయి. ప్రతి రాయినీ పరీక్షించాలి, కదిలినదాన్ని నేలమీద పడుకోబెట్టాలి. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు ఆ ఏటి మేయరు క్లిఫర్డ్ డెంట్.

పరీక్ష పెద్ద విద్యేం కాదు. రాయికి పక్కగా నిలబడి, పైభాగం మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా నెట్టి చూడాలి. ముప్పై ఏళ్లుగా గోతులు తవ్వుతున్న ఐవర్ మెట్‌కాఫ్ ఆ పనికి ఒక్కడే చాలు. కానీ రిపోర్టు కింద సంతకం పెట్టేది తనే కనుక బెరిల్ కూడా వెళ్లింది. మొదటి రెండు రోజులూ రాళ్లు గుట్టల్లా నిలబడ్డాయి. మూడోరోజు ఉదయం ఛాతీ ఎత్తున్న ఒక బూడిదరంగు రాయి మీద చెయ్యి పెట్టింది. అది పాలపన్నులా ఊగింది.

"ఐవర్! కదిలింది!"

"కదిలింది అమ్మాయ్, చూశాను. చెయ్యి తియ్యకు. వెనక్కి జరుగు. ఇంకా. ఊఁ, ఇప్పుడు తీసెయ్."

ఆ రాయి ముందు వాడిన పూలగుత్తి ఉంది. పూలు పెట్టాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో బెరిల్ కళ్లతోనే కొలిచింది. ఆ తరువాత ఆమెకు ఆ తోటలో పూలు కనిపించడం మానేశాయి. ప్రతిచోటా తలలే కనిపించేవి.

అప్పటికి అరవై రాళ్లు కదిలాయి. ఐవర్ వాటిని ఒక్కొక్కటిగా వెల్లకిలా పడుకోబెట్టాడు. సొంతదారులందరికీ బెరిల్ ఉత్తరాలు పంపింది. అన్నీ ఒకే అచ్చు: 'ఫలానా నంబరు గల రాయి ప్రమాదకరముగా నున్నందున పడుకోబెట్టబడినది.' ఎవరు పడుకోబెట్టారో అందులో లేదు. తన పేరు రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కింద 'కౌన్సిల్' అని మాత్రం ఉంది.

ఉత్తరాలు అందిన రోజు ఎడ్నా స్పెన్స్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, సంతలో చేపల దుకాణం నడిపిన గొంతు.

"ఏమమ్మా క్లర్కమ్మా! మా ఆయనకి నంబరు పెట్టావట? సి-పద్నాలుగట! నలభై ఏళ్లు కాపురం చేశాను, ఆయన పేరు సి-పద్నాలుగని నాతో ఒక్కనాడూ అన్లేదే!"

"మిసెస్ స్పెన్స్, నిబంధనల ప్రకారం..."

"నీ నిబంధనలు తీసుకెళ్లి నీ నెత్తిన పెట్టుకో. సంతలో తాగి పడిపోయినవాణ్ని పడేసినట్టు పడేశారు మనిషిని. బతికుండగా ఒక్క చుక్క ముట్టినవాడు కాడు!"

బెరిల్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చెప్పడానికి మాటలున్నాయి. ఆ రాయి ఎలా ఊగిందో, ఎడ్నా ఆదివారం ఆదివారం దాని ముందు ఎలా కూర్చుంటుందో, రాత్రులు తన కళ్లలో ఏం మెదులుతుందో. ఒక్కటీ బయటికి రాలేదు. "ఫిర్యాదు ఫారం ఇమ్మంటారా?" అంది. ఎడ్నా ఆమెను పైనుంచి కిందకి చూసి, ఉత్తరాన్ని బల్లమీద పడేసి వెళ్లిపోయింది.

ఆ వారం నుంచి బెరిల్‌కి ఊరు మారిపోయింది. రొట్టెల కొట్లో వరసలో నిలబడితే ముందున్నవాళ్ల మాటలు ఆగిపోయేవి. ఒకరోజు కారు నాలుగు చక్రాల్లోనూ గాలి లేదు. ఇంకోరోజు తలుపు కింద నుంచి ఒక కవరు వచ్చింది. లోపల ఒకే ముక్క: 'నిన్నూ పడుకోబెడతాం.' ముత్యాల్లాంటి దస్తూరి. వంకరటింకరగా రాసి ఉంటే ఎవడో తాగుబోతు అనుకునేదేమో. ఆ అందమైన అక్షరాలే ఆమె గుండె జారిపోయేలా చేశాయి. తనకు రోజూ నమస్కారం పెట్టేవాళ్లలోనే ఎవరో ఒకరు బల్ల ముందు నింపాదిగా కూర్చుని అది రాశారు.

"పోలీసులకి చూపించు" అన్నాడు భర్త విల్ఫ్.

"చూపిస్తే ఇంకా కోపం వస్తుంది వాళ్లకి."

"వాళ్లంటే ఎవరే?"

"అదే కదా తెలియంది."

సరిగ్గా అప్పుడే, అన్నిటికంటే చివర మిగిలిన డెంట్‌వారి రాయి కదిలింది.

అది రాయి కాదు, స్తంభం. రెండు నిలువుల ఎత్తు, పైన కోసుగా చెక్కిన నల్లరాయి. మేయరు తాత పలక గనుల యజమానిగా ఉన్న రోజుల్లో, సగం ఊరు ఆయన దగ్గర కూలికి వెళ్లిన రోజుల్లో నిలబెట్టింది. దాని పక్కనే కుళాయి. పూలకు నీళ్లు కావలసినవాళ్లంతా అక్కడికే రావాలి. ఐవర్ భుజం ఆనించి నెడితే స్తంభం అడుగున ఇసుక నలిగినట్టు చప్పుడైంది. ఐవర్ వెంటనే వెనక్కి జరిగి, బెరిల్‌ని కూడా జరగమని సైగ చేశాడు.

"అమ్మాయ్, ఇది మన చేతుల్తో అయ్యేది కాదు. క్రేను పిలు. ఈలోగా చుట్టూ తాడు కట్టేస్తా."

తాడు కట్టిన గంటకే ఫోను మోగింది.

"బెరిల్, మా రాయి చుట్టూ ఆ తాడేమిటి?" క్లిఫర్డ్ డెంట్ గొంతు.

"అదీ కదిలింది, మేయర్ గారూ. కింద నేల కుంగినట్టుంది. వచ్చే బుధవారం క్రేను..."

"క్రేనూ లేదు, గీనూ లేదు. అమ్మల ఆదివారం ఇంకెన్నాళ్లుంది? ఊరంతా తల్లుల సమాధులకు పూలు తెచ్చే రోజు. మా చెల్లెలు ఆ రాయి కిందే ఉందని తెలుసుగా నీకు? నాలుగేళ్లకి పోయింది. మా అమ్మ ఏటా ఆ ఆదివారం వచ్చి దాని పేరు మీద చెయ్యి పెడుతుంది. తొంభై రెండేళ్లు ఆవిడకి. వచ్చే ఏడు ఉంటుందో ఉండదో. ఆ పేరు నేలమీద పడి ఉంటే చూడమంటావా?"

బెరిల్ ఫోను రెండో చెవికి మార్చుకుంది. కోపంతో అరిచినా బాగుండేది. అతని మాటల్లో నిజం ఉంది. "ఇది నేనొక్కదాన్నీ, మీరొక్కరూ తేల్చేది కాదండీ" అంది చివరికి. "సభ ముందు పెడతాను."

"పెట్టు. పెట్టి చూడు."

సభకు మూడు రోజుల ముందు నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది. ఆ సాయంత్రం గదిలో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. మొదటి పావుగంట ఊరివాళ్లు మాట్లాడేందుకు. ఎడ్నా స్పెన్స్ లేచింది.

"నాది ఒకటే ప్రశ్న. మా ఆయన్ని అడక్కుండా పడుకోబెట్టారు. డెంట్‌వారిని మాత్రం నిలబడే ఉంటారా అని మర్యాదగా అడుగుతున్నారా?"

మెట్ల మీద చప్పట్లు మోగాయి. మేయరు మెడలోని పదవి గొలుసు సర్దుకుని, "సరే, ఈ విషయం చర్చిద్దాం" అన్నాడు. ఏం చెయ్యాలో బెరిల్‌కి తెలుసు. ఆ నాలుగు మాటలూ ముందున్న కాగితం మీద రాసి ఉన్నాయి కూడా. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. లేచి నిలబడితే కుర్చీ కిర్రుమంది.

"మేయర్ గారూ, ఇది మీ కుటుంబం రాయి. ఇందులో మీకు సొంత ప్రయోజనం ఉంది కనక చర్చ అయ్యేదాకా మీరు... మీరు గది బయట ఉండాలండీ."

క్లిఫర్డ్ డెంట్ మొహం ఎర్రబడింది. ఇరవై ఏళ్లుగా సభ్యుడు. అతన్ని ఎవరూ ఏ గదిలోంచీ లెమ్మనలేదు. గొలుసు తీసి బల్లమీద పెట్టి, ఆమె పక్కనుంచే నడిచి వెళ్లాడు. వెళుతూ, ఆమె ఒక్కదానికే వినిపించేలా, "బాగుంది బెరిల్. చాలా బాగుంది" అన్నాడు.

అతను బయట ఉన్నా అతని మాట లోపల చెల్లింది. రాయి ప్రమాదమని బెరిల్ చెప్పింది, ఐవర్ రాసిచ్చిన కాగితం చదివి వినిపించింది. ఎనభై ఏళ్లు నిలబడిన రాయి ఇంకో పదిరోజులు నిలబడదా అన్నాడొకాయన. తాళ్లూ బోర్డులూ పెట్టి తోటను హత్య జరిగిన చోటులా చేశారని ఒకావిడ కంటతడి పెట్టుకుంది. రాయిని అలాగే ఉంచడానికి ఆరుగురు ఔనన్నారు, అయిదుగురు కాదన్నారు. అమ్మల ఆదివారం దాటేదాకా ఏ రాయీ ముట్టుకోకూడదు, తోటలో తాడు గానీ బోర్డు గానీ ఉండకూడదు. బెరిల్ తన సలహా వేరు అని మినిట్స్ పుస్తకంలో రాసుకుంది. కింద తీర్మానం రాసింది. తీర్మానం తీర్మానమే. మర్నాడు ఐవర్ తిట్టుకుంటూ తాడు విప్పేశాడు.

శనివారం కొండల మీదనుంచి గాలి మొదలైంది. బెరిల్ వంటగదిలో నిలబడి కిటికీ అద్దాలు గడగడలాడటం విన్నది. అమ్మల ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రెండు స్వెటర్లు, విల్ఫ్ వానకోటు వేసుకుని బయల్దేరింది.

"ఎక్కడికి?" అన్నాడు విల్ఫ్.

"తోటకి."

"ఏం చెయ్యడానికి? తాడు కట్టకూడదన్నారుగా?"

"తాడు కట్టకూడదన్నారు. నేను నిలబడకూడదని అనలేదు."

తోటలో ఐవర్ అప్పటికే ఉన్నాడు. సెలవురోజైనా వచ్చాడు. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఇద్దరూ కలిసి పన్నెండు క్యాన్లలో నీళ్లు నింపి గేటు దగ్గర వరసగా పెట్టారు, ఎవరికీ కుళాయి దాకా రావలసిన పని లేకుండా. ఐవర్ గేటు దగ్గర ఉండిపోయాడు. బెరిల్ వెళ్లి స్తంభానికి ఇరవై అడుగుల దూరంలో, దారికి అడ్డంగా నిలబడింది.

పది గంటలకల్లా జనం నిండిపోయారు. చర్చి నుంచి నేరుగా వచ్చినవాళ్లు, డాఫోడిల్ పూలు పట్టుకున్న పిల్లలు, చేతికర్రల ముసలివాళ్లు. గాలి వీచినప్పుడల్లా బెరిల్ స్తంభం కొస వంక చూసేది. మేఘాలు దాని వెనకనుంచి పరిగెడుతుంటే స్తంభమే ముందుకు వస్తున్నట్టు కనిపించేది. కళ్లు మూసుకుని తెరిచేది. అది ఉన్నచోటే ఉండేది.

"ఏంటి క్లర్కు గారూ, డెంట్‌వారికి పోలీసు ఉద్యోగమా?" అన్నాడొకడు.

"ఇంకెవరిని పడుకోబెడదామని చూస్తున్నావమ్మా?" అంది ఇంకో ఆవిడ.

బెరిల్ ఎవరికీ జవాబు చెప్పలేదు. "ఈ పక్కనుంచి వెళ్లండి, దయచేసి" అని మాత్రం అంటూ వచ్చింది. గొంతు తనకే వినిపించడం లేదు. పన్నెండు గంటల వేళ ఇద్దరు ఆడపిల్లలు, అయిదారేళ్లవాళ్లు, రాళ్ల మధ్య దాగుడుమూతలు ఆడుతూ వచ్చారు. ఆమె చూసేలోపే ఒకత్తె స్తంభం వెనక్కి దూరి, రాతికి వీపు ఆనించి, నవ్వాపుకుంటూ కూర్చుంది.

బెరిల్ నోటినుంచి ఒక కేక వచ్చింది. అది ఆమె గొంతేనని ఆమెకే తెలియలేదు. తోట మొత్తం తిరిగి చూసింది. ఆమె పరిగెత్తుకెళ్లి పిల్ల రెక్క పట్టుకుని బరబరా లాక్కొచ్చింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తండ్రి వచ్చి బెరిల్ మొహంలో మొహం పెట్టి అరిచాడు.

"నీకు పిచ్చా? పసిపిల్ల మీద చెయ్యి వేస్తావా? నీమీద కేసు పెడతాను!"

"పెట్టండి" అంది బెరిల్, పళ్లు టకటకలాడుతుంటే. "పెట్టండి, కానీ పాపని అటు పంపకండి."

అతను పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయాడు. బెరిల్ దారి పక్క తడిగడ్డి మీద కూలబడింది. అప్పుడే ఎదురుగా రెండు నల్లబూట్లు కనిపించాయి. తలెత్తితే ఎడ్నా స్పెన్స్, ఒక చేతిలో పూలు, ఇంకో చేతిలో మడత స్టూలు.

"ఆ కేక నీదేనా?" అంది ఎడ్నా.

బెరిల్ తలూపింది.

"మా సి-పద్నాలుగు దగ్గర్నుంచి విన్నాను. సంతలో నాకే అలాంటి గొంతు లేదు." ఆమెను చూసి, పైకి స్తంభాన్ని చూసింది. "నిజంగానే పడుతుందా అది?"

"పడొచ్చు. ఇప్పుడే పడొచ్చు, పదేళ్లకి పడొచ్చు. నాకు తెలియదు మిసెస్ స్పెన్స్. నాకు తెలియకే భయం. మీ ఆయన రాయి కూడా... చెయ్యి పెడితే పన్ను ఊగినట్టు ఊగింది. మీరు దాని ముందు కూర్చుంటారు. మీ తల సరిగ్గా అంత ఎత్తులో ఉంటుంది. నాకు ప్రతి రాత్రీ అదే కనపడేది."

ఎడ్నా పూలు కింద పెట్టింది.

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నేనంటేనా?"

"మీరంటేనే."

"అందుకని అచ్చుకాయితం పంపావు. చూడమ్మాయ్, నువ్వు మా ఇంటికొచ్చి ఈ ముక్క చెప్పుంటే నేను తిట్టేదాన్ని, అవును. తిట్టి, తరవాత టీ పెట్టేదాన్ని. కాయితం వెనక దాక్కుంటే మనిషికి ఒళ్లు మండుతుంది." స్టూలు తెరిచి దారికి అవతలివైపు వేసుకుంది. "లే. ఇటు నువ్వు చూడు, అటు నేను చూస్తా. అటునుంచి ఎవడొస్తాడో రానీ."

అటునుంచి ఎవరూ రాలేదు. ఎడ్నా స్పెన్స్ కూర్చున్న దారిన వెళ్లే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

మూడు దాటాక క్లిఫర్డ్ డెంట్ వచ్చాడు. చక్రాల కుర్చీలో తల్లిని తోసుకుంటూ, దుప్పటి కప్పిన ఆమె ఒళ్లో పసుపుపచ్చ పూలు. గాలి అప్పటికి బాగా పెరిగింది. బెరిల్‌ని చూసి అతను ఆగలేదు. ఆమె కదలకపోవడంతో ఆగవలసి వచ్చింది.

"తప్పుకో బెరిల్."

"తప్పుకోలేనండీ."

"ఇది తీర్మానానికి వ్యతిరేకం. రేపు నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసు." ఉద్యోగం పోతే అన్న భయం, అతనంటే ఉన్న భయం, ఆ రాయంటే ఉన్న భయం, మూడూ ఒకేసారి గొంతులో అడ్డుపడ్డాయి. మూడోదే పెద్దది కాబట్టి మాట బయటికి వచ్చింది. "అమ్మగారు ఇక్కడే ఉంటారు. మీరొక్కరే రండి. పక్కనుంచి, చేత్తో ఒక్కసారి నెట్టి చూడండి. కదలకపోతే రాజీనామా కాగితం ఇవాళే ఇస్తాను."

అతను నవ్వాడు. తల్లి కుర్చీకి బ్రేకు వేసి, విసురుగా నడిచి వెళ్లి, తన తాత పేరు పక్కన అరచెయ్యి పెట్టి నెట్టాడు.

నల్లరాయి అతని చేతి కింద ముందుకీ వెనక్కీ ఊగింది. అడుగునుంచి రాయి రాతి మీద ఒరుసుకున్న చప్పుడు దారి దాకా వినిపించింది. నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది, మొహంలోంచి మాత్రం రక్తం దిగిపోయింది. చెయ్యి తియ్యలేదు. తీస్తే ఇటు పడుతుందో అటు పడుతుందో తెలియక, ఊపిరి కూడా తీసుకోకుండా నిలబడిపోయాడు.

"బెరిల్" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. "బెరిల్, ఏం చెయ్యను?"

ఐవర్ గేటు నుంచి పరిగెత్తుకు వస్తున్నాడు. కానీ దగ్గరున్నది ఆమే. మొదటి రాయి కదిలినప్పుడు తనకు ఐవర్ చెప్పిన మాటలే ఆమెకు గుర్తున్నాయి. "చెయ్యి తియ్యకండి. నెట్టకండి, ఊరికే ఆనించి ఉంచండి. ఆగేదాకా. ఆగిందా? ఇప్పుడు పక్కకి ఒక అడుగు వెయ్యండి. ఇంకొకటి. ఇక మెల్లగా తీసెయ్యండి." అతను పక్కకి వచ్చాక ఆమె అతని కోటు పట్టుకుని ఇవతలికి లాగింది. స్తంభం పడలేదు.

కుర్చీలోంచి ముసలమ్మ అంతా చూసింది. "క్లిఫ్" అంది, "ఆ పూలు ఈ అమ్మాయికిచ్చి పెట్టించు. నేను ఇక్కణ్నుంచే చదువుకుంటాను." పూలు పెట్టింది మాత్రం బెరిల్ కాదు, ఐవర్. పొడుగాటి పార చివరన పెట్టి నేలమీదుగా జరిపాడు. ముసలమ్మ చెయ్యి చాపి, అంత దూరం నుంచే, గాలిలో, ఆ పేరు ఉన్నచోట పెట్టింది.

ఆ సాయంత్రం మేయరు తనే దగ్గరుండి తాడు కట్టించాడు. తీర్మానానికి వ్యతిరేకమే. మర్నాడు అందరినీ పిలిచి సరిచేసుకున్నారు. బుధవారం క్రేను స్తంభాన్ని ఎత్తాక కింద చూస్తే గొర్రె పట్టేంత గొయ్యి ఉంది. కుళాయి గొట్టం ఎన్నేళ్లుగానో లోపల కారుతూ మట్టిని కోసుకుపోయింది. గొట్టం కౌన్సిల్‌దే. ఆ సంగతి బయటికి చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. బెరిల్ రెండు రోజులు అన్నం తినలేక, మూడోరోజు దాన్ని ఎజెండాలో మొదటి అంశంగా పెట్టింది. గొట్టం చుట్టుపక్కల కదిలిన తొమ్మిది రాళ్లూ, స్తంభమూ కౌన్సిల్ మళ్లీ నిలబెట్టాలని తీర్మానమైంది.

ఆ సభలో క్లిఫర్డ్ డెంట్ క్షమాపణ చెప్పలేదు. అది అతని వంశంలో లేదు. మిగిలిన కుటుంబాలన్నిటికీ, రాయి ఎందుకు పడుకోబెట్టారో కాగితం కాకుండా మనిషి వెళ్లి చెప్పాలని ప్రతిపాదించాడు. ఎవరు వెళ్లాలి అన్నప్పుడు అందరి కళ్లూ క్లర్కు మీద పడ్డాయి. సమాధుల తోటలో తొమ్మిది గంటలు నిలబడినప్పటికంటే ఆ క్షణంలో ఎక్కువ భయం వేసిందని బెరిల్ తరువాత విల్ఫ్‌తో చెప్పింది.

యాభై ఒక్క తలుపులు. మొదటి ఆరింటికి ఎడ్నా తోడు వచ్చింది, గేటు బయట నిలబడి "తిడితే పిలు" అని. ఏడో ఇంటికి మోకాళ్ల నొప్పి అని మానేసింది. ఒకచోట తలుపు మొహం మీదే వేశారు. ఒకచోట కుక్కను వదిలారు. చాలాచోట్ల టీ ఇచ్చారు. రెండేళ్లలో ఎక్కువ రాళ్లు లేచాయి. కొన్నింటిని సొంతదారులు నిలబెట్టించలేకపోయారు, అవి పడుకునే ఉన్నాయి. ఎడ్నా భర్త రాయిని సగానికి కోయించి పొట్టిగా నిలబెట్టింది, "ఆయన ఎటూ పొట్టివాడే" అంటూ. ముత్యాల దస్తూరి ఎవరిదో ఎప్పటికీ తెలియలేదు. ఆ తలుపుల్లో ఒకటి వాళ్లదే అయి ఉండాలని బెరిల్ అనుకునేది. ఎక్కడో వాళ్ల టీ కూడా తాగే ఉంటుంది.

ఇంకో పదకొండేళ్లు ఆమె ఆ కుర్చీలోనే ఉంది. ఆ రోజుల్లో తిరిగిన తలుపుల్లో చివరిది, యాభై ఒకటోది, కొండ మొదట్లో ఉండే ఒంటరి గొర్రెలకాపరిది. తలుపు కొట్టడానికి ధైర్యం చాలక అతని వాకిట్లో ఆమె పావుగంట నిలబడింది. అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడట. చివరికి తనే తలుపు తీసి, "లోపలికి రా తల్లీ. ఎవరు పోయారో చెప్పు" అన్నాడు.

"ఎవరూ పోలేదండీ. మీ అమ్మగారి రాయి గురించి చెప్పాలని వచ్చాను. దాన్ని పడుకోబెట్టింది నేనే" అంది బెరిల్.